పొగవైపు పీట

మా బావ పోయాడన్న కబురు కొట్టు తెరిచే వేళకు వచ్చింది. గుమ్మంలో నీళ్లు జల్లి, త్రాసు తుడిచి, పటం దగ్గర అగరొత్తులు గుచ్చుతున్నాను. ఫోన్‌లో మా అప్ప. అక్కని మా ఇళ్లలో అప్ప అంటాం. "మీ బావ ఎల్లిపోనాడ్రా" అంది. ఏడవలేదు. పక్కనున్న వాళ్లెవరో ఫోన్ తీసుకుని, విజయనగరం ఆసుపత్రి నుంచి మధ్యాహ్నానికి రాజాం తెస్తామని చెప్పారు.

షట్టరు దించి బయట నిలబడ్డాను. కబురు నాకంటే ముందే బజారంతా తిరిగినట్టుంది. ఎదురు కొట్టు షట్టరు దిగింది. దాని పక్కది దిగింది. నగలకు మెరుగు పెట్టేవాళ్ల గది మూసేశారు. ఆఖరికి బంగారంతో ఏ సంబంధమూ లేని ధాన్యం వ్యాపారి కూడా లేచి, తలుపులు దగ్గరికి వేసి, తువ్వాలు భుజాన వేసుకుని నా దగ్గరికి నడిచి వచ్చాడు. నిజం చెప్పేస్తాను. ఆ షట్టర్లు దిగుతుంటే నేను లెక్కపెట్టాను. నేను పోయిన రోజున ఇన్ని దిగుతాయా అనుకున్నాను. అప్పటికి మా బావ కన్నుమూసి రెండు గంటలైనా కాలేదు.

చనిపోయిన మనిషి గురించి నాలుగు మంచి ముక్కలు రాయాల్సిన చోట ఈ కుళ్లుబోతు కథ ఏమిటని మీకనిపించొచ్చు. మంచి ముక్కలూ రాస్తాను. నాలుగు కాదు, నలభై రాయగలను. కానీ ఆయన మీద నాకున్న అసూయని తీసి పక్కనపెట్టి రాస్తే అందులో ఆయనా ఉండడు, నేనూ ఉండను. ముప్ఫై ఏళ్లు పైబడి ఆ మనిషిని నేను చూసిన కళ్లే అవి. వేరే కళ్లు ఇప్పుడెక్కడ తేను?

నాకాయన రెండు వైపుల నుంచీ బావ. ముందు మేనత్త కొడుకు, తర్వాత అప్ప మొగుడు. మేనత్త వాళ్లది భావనపాడు దగ్గర ఊరు. మావయ్య చేపల మీద బతికే ఇళ్లవాళ్లకి వెండీ బంగారం పని చేసేవాడు. ఆయన పోయాక మేనత్త పదిహేనేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని రాజాం వచ్చి, మా నాన్న ముందు కూర్చోబెట్టి, పని నేర్పమని అడిగింది. నాకప్పుడు పన్నెండేళ్లు. బడి వదలగానే పనిగదిలోకి దూరేవాణ్ని. కంసాలి కొడుకుని కాబట్టి మా నాన్న తర్వాత కుంపటి ముందు కూర్చోవాల్సింది నేనేనని నాకెవరూ చెప్పక్కర్లేకుండానే తెలుసు.

ఆ గది గురించి కొంచెం చెప్పాలి. కొట్టు వెనకాల ఒకే గది, దానికి ఒకే కిటికీ. బెజ్జాల కమ్మచ్చులోంచి బంగారు తీగ లాగడానికీ, ఆకురాయితో అరగదీయడానికీ వెలుతురు కావాలి కాబట్టి ఆ పనులు చేసేవాళ్ల పీట కిటికీ దగ్గర. అతుకు పెట్టేవాళ్ల పీట ఎదుటి మూల. గాలి తగిలితే మంట నిలవదు, మంట చెదిరితే అతుకు కుదరదు. అందుకని అతుకు పనికి ఎప్పుడూ గాలి ఆడని మూలే. ఆ మూలని మేము పొగవైపు అనేవాళ్లం.

కంసాలి పనిలో మిగతావన్నీ ఒక ఎత్తు, అతుకు ఒక ఎత్తు. తీగ ఎవడైనా లాగుతాడు. రెండు కొసలు కలిపి, కలిపిన జాడ తెలియకుండా చేసినవాడే పనివాడు. ఆ పీట నాన్న నాకు వేస్తాడని ఎదురుచూశాను. బడిలో కూర్చున్నా మనసు అక్కడే ఉండేది. ఒక దసరా వెళ్లిన మర్నాడు, పనిముట్లకు పూజ చేసిన పసుపు ఇంకా ఆరకముందే, నాన్న మా బావని పిలిచి ఆ పీట మీద కూర్చోమన్నాడు. ఊదుగొట్టం చేతికిచ్చాడు. నేను లేచి నిలబడితే, నన్ను కిటికీ దగ్గరే ఉండమన్నాడు. "నీది తీగ సెయ్యిరా" అన్నాడు. నా కడుపుమంట మొదలైంది ఆ రోజే.

ఆ దసరాకి కొన్నాళ్ల ముందే మా బజారుకి కేడీఎం వచ్చింది. మీ అమ్మల నగల మీద ఆ మూడక్షరాలు మీరు చూసే ఉంటారు. కేడీఎం వస్తువేనా అని అడగని ఆడమనిషి ఉండేది కాదు. అదేదో మేలిమి బంగారానికి పెట్టిన పేరనుకునేవారు. మేమూ కాదనేవాళ్లం కాదు. కొట్టు బోర్డు మీద ఆ అక్షరాలు పెద్దగా రాయించింది నేనే. నిజానికి అది బంగారం పేరు కాదు, దాన్ని అతికే కాడ్మియం పేరు.

అంతకుముందు అతుకు పెట్టే టంకంలో రాగీ వెండీ కలిపేవాళ్లం. అతుకు గట్టిగానే ఉండేది గానీ రంగు తేడా తెలిసిపోయేది. పైగా ఆ నగని ఎప్పుడైనా కరిగిస్తే రాగీ వెండీ అందులోనే ఉండిపోయి నాణ్యం తగ్గేది. కాడ్మియం అలా కాదు. కరిగిన బంగారంలో కొద్దిగా కాడ్మియం వేసి చేసిన టంకం తొందరగా కరుగుతుంది, వెంట్రుకంత సందులోకి కూడా పాకుతుంది, పనయ్యాక చాలామటుకు పొగై పోతుంది. మిగిలేది బంగారమే. అతుకు కనిపించదు, నాణ్యం పడిపోదు. కంసాలికి ఇంకేం కావాలి? ఆ పొగ ఎక్కడికి పోతుందని మాత్రం మా బజారులో ఎవరూ అడగలేదు.

చూడ్డానికి అమాయకంగా ఉండేది ఆ లోహం. తెల్లగా, కాస్త నీలం తిరిగి, కత్తితో కోస్తే తెగేంత మెత్తగా. సన్న కడ్డీల్లా వచ్చేది. వంచితే లోపల్నుంచి కిర్రుమని చప్పుడు చేసేది. మా బావ కడ్డీని నా చెవి దగ్గర పెట్టి వంచి, "ఏడుస్తన్నాది, ఇనుకో" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. నవ్వితే ఆయన గెలిచినట్టని బిగపట్టుకునేవాణ్ని.

మూసలో బంగారం కరిగి తిరుగుతుండగా ఆ ముక్క వేస్తే గోధుమరంగు పొగ ఒక్కసారిగా లేచేది. మా బావ ముఖం పక్కకి తిప్పేవాడే గానీ చూపు తిప్పేవాడు కాదు. ఊదుగొట్టం పెదవుల మధ్య పెట్టుకుని, బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో పీలుస్తూ, మంట ఎక్కడా తెగకుండా ఊదేవాడు. టంకం మెరిసి, సందులోకి జారి మాయమైపోయే ఆ ఒక్క క్షణం ఆయన ముఖం చూడాలి. పెళ్లిలో కూడా నేనాయన ముఖం అంత సంతోషంగా చూడలేదు. ఆ సంతోషం నాది కావాల్సిందని అనిపించేది.

"అతుకు కనబడితే అది అతుకు కాదురా, మచ్చ" అనేవాడు. నగ పూర్తయ్యాక తెచ్చి నా చేతిలో పెట్టి "ఎక్కడో సెప్పు" అనడం ఆయనకి అలవాటు. భూతద్దం పెట్టి వెతికేవాణ్ని. దొరికేది కాదు. ఏదో ఒకచోట వేలు పెట్టి చూపించేవాణ్ని. ఆయన తల అడ్డంగా ఊపి, ఎక్కడో చెప్పకుండానే తీసుకుపోయేవాడు. ఇన్నేళ్లలో నాకు ఒక్కటీ దొరకలేదు, ఆయన ఒక్కసారీ చెప్పలేదు.

ఇంకో చిన్న విషయం, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. సాయంత్రం పని కట్టేశాక నాన్న లోపలికి వెళ్లి బెల్లం ముక్క తెచ్చి మా బావ చేతిలో పెట్టేవాడు. పొగకి విరుగుడని మా వాళ్లలో ఒక నమ్మకం. రోజూ పెట్టేవాడు, ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. నాకు పెట్టేవాడు కాదు. వంటింట్లో డబ్బా నిండా బెల్లం ఉంది, నేను ఎంతైనా తీసుకోవచ్చు. కానీ నాన్న చేత్తో ఇచ్చే ఆ ముక్క వేరు. దాని కోసం నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

పద్దెనిమిదేళ్లు నిండాక ఒకరోజు తెగించాను. మా బావ సొంతూళ్లో ఉన్న తల్లిని చూడ్డానికి వెళ్లాడు. నాన్న ఎవరితోనో మాట్లాడుతూ ముందు కొట్టులో ఉన్నాడు. నేను పొగవైపు పీట మీద కూర్చుని, గాజు ఒకటి అతకాల్సి ఉంటే తీసుకుని, టంకం అయిపోయిందని మూసలో బంగారం కరిగించి కాడ్మియం వేశాను. ఎంత వేయాలో తెలియదు. పొగ ముఖం మీదికి కొట్టింది. అయినా లేవలేదు. కొత్త టంకంతో గాజు మీద మంట పెడితే, మంట ఎక్కువై అతుకు పడాల్సిన చోట గాజే కరిగి ముడుచుకుపోయింది.

నాన్న వచ్చి చూశాడు. గాజు వైపు చూశాడు, గదిలో నిండిన పొగ వైపు చూశాడు, నా చెంప పగలగొట్టాడు. అంతకుముందెప్పుడూ నా మీద చెయ్యి చేసుకున్న మనిషి కాదు. "ఆ పీట ఎక్కితే కాళ్లిరగ్గొడతాను" అన్నాడు. గాజు పాడుచేసినందుకు కొట్టాడనుకున్నాను. ఆ సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది, ఛాతీ పట్టేసింది. రెండు రోజులు జ్వరం. నాన్న కొట్టు మూసేసి నా మంచం పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరాడు. కొట్టినందుకు బాధపడుతున్నాడు కాబోలనుకున్నాను. మూడోరోజుకి మా బావ తిరిగొచ్చి, ముడుచుకుపోయిన ఆ గాజుని విప్పి, సాగదీసి, అతికి, మధ్యాహ్నం భోజనాల వేళకు నాన్న ముందు పెట్టాడు. ఏమీ జరగనట్టే ఉంది గాజు. నాకు మళ్లీ జ్వరం వచ్చినంత పనైంది.

ఆ తర్వాత ఆయన పేరు పెరిగింది. ఎక్కడో తీరాన ఉన్న ఇళ్లవాళ్లు టెక్కలి మీదుగా బస్సులు మారి రాజాం వచ్చి, ఆయన చేత్తోనే పుస్తెలు చేయించుకునేవారు. చెయ్యి మంచిదనేవారు. ఒకసారి పెళ్లివారికి నగలు ఇవ్వడానికి భావనపాడు వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లాడు. ఆ ఇంటి ముసలావిడ పెద్ద వంజరం చేప తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నీ అతుకు మా పెద్దకోడలి మెడలో పదేళ్లయినాది బాబూ, సెక్కు సెదరనేదు" అంది. నేనూ పక్కనే ఉన్నాను. ఆ గొలుసులో తీగంతా నేను లాగిందే. నాకు తాగడానికి మంచినీళ్లిచ్చింది.

తర్వాత ఇద్దరం ఒడ్డున నడుస్తుంటే, పడవ ఇంజను బాగుచేస్తున్న మనిషి దగ్గర మా బావ ఆగిపోయాడు. పసుప్పచ్చగా మెరుస్తున్న ఒక బోల్టు తీసి నాకు చూపించి, అది కూడా మన కాడ్మియమేనన్నాడు. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టకుండా దాంతో పూత వేస్తారట. ఆ మెకానిక్‌ని ఎప్పుడో అడిగి తెలుసుకున్నాడట. ఎనిమిదో తరగతి దాటని మనిషి, తన చేతిలోని లోహం లోకంలో ఇంకా ఎక్కడెక్కడ పనిచేస్తోందో వెతుక్కుంటూ తిరిగాడు. నేను డిగ్రీ దాకా చదివి, దాని పేరు బోర్డు మీద రాయించి ఊరుకున్నాను.

ఈలోగా మా అప్పకి ఆయనతో పెళ్లి చేశారు. ఇంట్లో అందరికీ అదే కావాలి, అప్పకి మరీ కావాలి. పుస్తెలతాడు ఇంట్లోనే చేశాం. తీగ నేను లాగాను, నాన్న అల్లాడు, అతుకు మా బావ పెట్టాడు. పెళ్లికొడుకు తన పెళ్లికి తనే అతుకు పెట్టడమేమిటని ఆడవాళ్లు నవ్వారు. కొక్కెం లేకుండా, తాడుని పుస్తెల్లోంచి దూర్చి రెండు కొసలూ కలిపేశాడు. అప్ప చేతికిచ్చే ముందు నాకు చూపించి "తీగ నీది, అతుకు నాది" అన్నాడు. మెచ్చుకోలుగా అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఇదివరకు నాన్నని తీసుకున్నాడు, ఇప్పుడు అప్పని కూడా తీసుకున్నాడనుకున్నాను. రెండేళ్ల తర్వాత నా పెళ్లికి నా భార్య పుస్తెలు కూడా ఆయనే చేశాడు. పీటల మీద కూర్చుని, మూడు ముళ్లు వేయబోతూ నేను ఆ పుస్తెల్లో అతుకు కోసం వెతికాను. పురోహితుడు రెండుసార్లు హెచ్చరించాల్సి వచ్చింది.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, ఆయనకి వాసనలు తెలియడం మానేశాయి. మొదట్లో అది మాకు వేళాకోళం. ఎండుచేపలు ముక్కు దగ్గర పెట్టి ఏమిటో చెప్పమంటే మల్లెపూలనేవాడు. మాకోసం కావాలని అంటున్నాడనుకునేవాళ్లం. అప్ప పొయ్యి మీద పెట్టిన కూర మాడిపోతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. తర్వాత దగ్గు వచ్చింది. తర్వాత నడుము నొప్పి, ఎముకల నొప్పి. పని చేసేవాడికి అవన్నీ ఉంటాయనేవాడు. నాన్న అప్పటికే పోయాడు. ముందు కొట్టు నాకు, వెనక గదీ దాని వెనకున్న ఇల్లూ మా బావకీ అప్పకీ వచ్చాయి. ఆఖరి రోజుల్లో నాన్న మంచంలో ఉండి కూడా సాయంత్రమయ్యేసరికి బెల్లం ముక్క పట్టుకెళ్లి ఇమ్మని నన్నే పంపేవాడు. పట్టుకెళ్లి ఇచ్చేవాణ్ని. ఏ ముఖంతో ఇచ్చేవాణ్నో మా బావకే తెలుసు.

ఇప్పుడు మా బజారులో అతుకులకు కాడ్మియం వాడరు. వేరే లోహాలు వచ్చాయి, లేజరు యంత్రాలు వచ్చాయి, నగ మీద హాల్‌మార్క్ ఉందా అని అడుగుతున్నారు తప్ప కేడీఎం మాట ఎత్తేవాళ్లు తక్కువ. అవన్నీ వచ్చేసరికి మా బావ రెండు కిడ్నీలూ పనికిరాకుండా పోయాయి. వారానికి మూడుసార్లు విజయనగరం తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించాల్సి వచ్చేది. ప్రతిసారీ నేనే తీసుకెళ్లాను. ఈ ఒక్క విషయంలో నన్ను మించినవాడు లేడని చెప్పుకోవాలని ఉంది, కాబట్టి చెప్పుకుంటున్నాను.

వాళ్ల అమ్మాయి, అంటే నా మేనకోడలు, విజయనగరంలోనే కాలేజీలో కెమిస్ట్రీ చదువుతోంది. క్లాసులయ్యాక ఆసుపత్రికి వచ్చి తండ్రి పక్కన కూర్చునేది. ఒకరోజు పుస్తకం తీసి కాడ్మియం గురించి చదివి వినిపించింది. జింకు తీసేటప్పుడు దాంతోపాటే దొరుకుతుందట. చార్జింగ్ పెట్టుకునే పాత రకం బ్యాటరీల్లో ఉంటుందట. చిత్రకారులు వాడే మంచి పసుపూ ఎరుపూ రంగులు దాంతోనే వస్తాయట. అణువిద్యుత్తు కేంద్రాల్లో లోపలి చర్య మితిమీరకుండా పట్టి ఆపడానికి కూడా దాని కడ్డీలు దించుతారట. మా బావ కళ్లు మూసుకుని వింటూ నవ్వాడు. "మన కేడీఎం పెద్ద పెద్దోళ్లతోనే తిరిగినాదే" అన్నాడు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. తర్వాతి పేజీ తిప్పి, ఆ పొగ ఊపిరితిత్తుల్ని తింటుందనీ, వాసన పోగొడుతుందనీ, ఒంట్లో చేరితే కిడ్నీల్లో కూర్చుని ఏళ్లు గడిచినా బయటికి పోదనీ చదివింది. చదివి, పుస్తకం మూసి, మంచినీళ్లు తెస్తానని బయటికి వెళ్లిపోయింది.

గదిలో మేమిద్దరమే మిగిలాం. యంత్రం తిరుగుతోంది. నన్ను ఆ పీట మీద కూర్చోనిచ్చి ఉంటే నీకు సగం పొగే తగిలేది కదా బావా అన్నాను. అందులో కూడా నిష్ఠూరమే ఉంది. ఆయన కళ్లు తెరిచి నా వైపు తిరిగాడు.

"నువ్వు కిటికీకాడ కూకుని తీగ లాగీవోడివి. గాలికి నీ జుత్తు ఎగిరీది. నాకెంత కుళ్లుగుండీదో తెలుసా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనకి నా మీద కుళ్లేమిటి?

"నానొచ్చిన మూడో యేడు ఇన్నాను. ఆ పీట మన గుంటడికెప్పుడేస్తావని మీయమ్మ అడిగినాది. ఆ పొగ మంచిది కాదే, మనోడికెందుకు, మా సెల్లి కొడుకున్నాడు కదా అన్నాడు మావ. తలుపెనకాలే ఉన్నాను."

మా నాన్నకి ఎలా తెలుసని అడిగాను. తనకి కేడీఎం పని నేర్పిన విజయనగరం కంసాలి దగ్గి దగ్గి పోవడం నాన్న చూశాడట. తనూ కొన్నాళ్లు ఊది, ఛాతీ పట్టేసి మానేశాడట. ఇంకేమీ తెలియదు, పొగ మంచిది కాదని మాత్రం తెలుసు. మరి తెలిసి కూడా నువ్వెందుకు కూర్చున్నావని అడిగాను.

"పని రావాల కదరా. నాకు కిటికీకాడ పీట ఎవులేస్తారు? మావ మీద నాకు కోపం నేదు. ఆయన కొడుకుని ఆయన సూసుకున్నాడు. రోజూ బెల్లం ఎట్టినప్పుడు నా మొకం సూసీవోడు కాదు."

పక్కకి తిరిగి, ఇంకో మాట అన్నాడు. "అలగని నువ్వు ఆ పీట అడిగితే మాత్రం ఇచ్చీవోణ్ని కాదు. టంకం మెరిసి పాకీటప్పుడు సూస్తే... అది నీకు తెలీదులే."

మా మేనకోడలు మంచినీళ్లతో వచ్చేసింది. మేము మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ మాటలు విన్నాక నా అసూయ చచ్చిపోవాలి. మంచి మనిషినైతే చచ్చిపోయేది. నేను పీల్చాల్సిన పొగ ఆయన పీల్చాడు. నా చెంప మీద పడ్డ దెబ్బ గాజు కోసం కాదు. నా మంచం పక్కన నాన్న రెండు రోజులు కూర్చున్నది భయంతో. ముప్ఫై ఏళ్లు నేను ఏ చోటు చూసి కుళ్లుకున్నానో, ఆ చోట కూర్చున్న మనిషి నా చోటు చూసి కుళ్లుకున్నాడు. ఇదంతా తెలిసి కృతజ్ఞతతో కరిగిపోయాను, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను కూడా. ఏడుస్తూనే ఇంకొకటి గమనించాను. మా నాన్నకి నేనంటే ఎంత ప్రేమో నాకంటే ముందు మా బావకి తెలుసు. నాన్న బతికున్నన్నాళ్లూ ఆ సంగతి మా బావ దగ్గర ఉంది, నా దగ్గర లేదు. దానికి కూడా నాకు అసూయ పుట్టింది. ఆ పిల్ల చదివినట్టు, కొన్ని ఒంట్లో చేరితే బయటికి పోవు.

ఆ తర్వాత ఆయన ఏడు నెలలు బతికాడు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కారులో నేను కిటికీ వైపు ఆయన్ని కూర్చోబెట్టేవాణ్ని. అద్దం దించమనేవాడు. ఏం వాసన వస్తోందని అడిగేవాడు. కోసిన వరిగడ్డి అనో, వానకు తడిసిన మట్టి అనో చెప్పేవాణ్ని. ఔనన్నట్టు తల ఊపేవాడు.

పదో రోజు అయింది. అప్ప మెడలోంచి పుస్తెలతాడు తీశారు. దినవారాలన్నీ అయ్యి చుట్టాలు వెళ్లిపోయాక, అప్ప నన్ను వెనక గదిలోకి పిలిచింది. పసుపుగుడ్డలో కట్టిన తాడు నా చేతిలో పెట్టింది. పుస్తెలు దేవుడి పెట్టెలో దాచుకుంటుందట. తాడు కూతురికి ఇస్తుందట. కొక్కెం లేదు కాబట్టి విప్పాలి. "అతుకు కాడే ఇప్పరా. నీ తీగ ఎక్కడా తెగకూడదు" అంది.

నా తీగ అంది. ఇన్నేళ్లూ అది ఆమెకి గుర్తుందని నాకు తెలియదు.

భూతద్దం పెట్టి వెతికాను. చుట్టూ ఒకసారి తిప్పాను, వెనక్కి తిప్పాను. ఎక్కడా రంగు తేడా లేదు, ఎక్కడా గరుకు తగల్లేదు. పాతికేళ్లు మెడలో అరిగిన తాడు, అయినా మచ్చ లేదు. దొరకడం లేదప్పా అన్నాను. వేడి చేస్తే టంకం ముందు మెరుస్తుంది, అప్పుడు తెలిసిపోతుంది. అందుకని కుంపటి దగ్గరికి వెళ్లి, పద్దెనిమిదేళ్లప్పుడు దిగిన ఆ పీట మీద కూర్చున్నాను. పీట మధ్యలో గుంట పడి ఉంది. ఊదుగొట్టం గోడకి ఆనించే ఉంది, కొస దగ్గర పంటి గాట్లు. తీసుకున్నాను. ఇన్నాళ్లకి అక్కడ కూర్చున్నాననే అనుకున్నాను, అబద్ధం ఎందుకు. ఆయన చూసిన ఆ మెరుపు ఒక్కసారి నేనూ చూస్తాననుకున్నాను. అగ్గిపెట్టె కోసం చెయ్యి చాపాను.

అప్ప గుమ్మంలోంచి వచ్చి ఊదుగొట్టం నా చేతిలోంచి తీసేసుకుంది.

"నిప్పెట్టకురా. ఆ అతుకులో ఇంకా ఆ పొగే ఉంటాది. లేసి కిటికీకాడ కూకో" అంది.

లేచాను. కిటికీ దగ్గర నా పాత పీట మీద కూర్చున్నాను. సందులోంచి గాలి వస్తోంది. అప్ప గోడకి ఆనుకుని, ఒళ్లో ఊదుగొట్టం పెట్టుకుని చూస్తోంది. నేను తాడుని వెలుతురుకి పట్టుకుని వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాను. అతుకు ఇంకా దొరకలేదు.